‘నాతోని కాదు’ అను మాట

(ధ్యాన భాగములు: 1 సమూయేలు 17:32–40, మత్తయి 25:14–30, 2 కొరింథీయులకు 12:7–10)



పొలము పనియైనను, పలక బలపమైనను, పాటయైనను, సామైనను, క్రొత్తగా మొదలుపెట్టిన ప్రతివాడు ఏదో ఒక దినమున పలుకు మాట ఒకటి కలదు. మన నల్లగొండ పల్లెల వాడుకలో అది ‘నాతోని కాదు’ అనునది. చిన్న మాటయే. కాని దాని వెనుక పెద్ద ప్రశ్న దాగియున్నది. ఒక పనికి తాను తగనని తోచినవాడు ఆ పనిని విడిచిపెట్టవలెనా, పట్టుకొని యుండవలెనా? పట్టుకొని యుండవలెననిన, ఏ బలముతో? ఈ నెల మేము ఈ ప్రశ్నను మీ యెదుట ఉంచుచున్నాము.

ఈ మాట ఇప్పుడు ఎక్కువగా వినబడుచున్నది ఆత్మరక్షణ విద్య నేర్చుకొను పిల్లల నోట. సమగ్ర శిక్షా పథకము క్రింద ప్రభుత్వ పాఠశాలల ఆడపిల్లలకు మూడు నెలలపాటు ఈ విద్య నేర్పు ఏర్పాటు కలదు. పట్టణములలో రుసుము చెల్లించి కరాటే నేర్చుకొను పిల్లలును ఉన్నారు. మొదటి వారము ఇంటిలో పండుగవలె నుండును. పిల్ల గడపలో నిలిచి గాలిని గ్రుద్దుచుండును, తమ్ముడు నవ్వుచుండును. మూడవ వారమునకు ముఖము చిన్నబోవును. ఆరాధన ముగిసిన తరువాత అటువంటి పిల్లలు మెల్లగా దగ్గరకు వచ్చి, “అయ్యగారూ, నాతోని కాదు. నా కాలు పైకి లేస్తలేదు. అందరు నవ్వుతున్నరు” అందురు. తల్లి ప్రక్కనే నిలిచి, “పోనీ తియ్యి బిడ్డా, మనకెందుకు” అనును. ఆ ‘మనకెందుకు’ అను మాట పిల్ల మాటకంటె బరువైనది. దానిని కూడ మనము తూచి చూడవలెను.

విశ్వాసి సాము నేర్వవచ్చునా?

మొదట ఒక సందేహమును తీర్చుకొందము. ఒక చెంపను కొట్టిన వానికి రెండవ చెంపను త్రిప్పుమని ప్రభువు బోధించెను గదా, ఆయన శిష్యులు దెబ్బలాట విద్య నేర్వవచ్చునా అని పెద్దలు అడుగుచున్నారు. మంచి ప్రశ్న. మత్తయి 5:39లో ప్రభువు చెప్పినది కుడి చెంపను గూర్చి. ఎదుట నిలిచినవాడు కుడిచేతితో మన కుడి చెంపను కొట్టవలెననిన చేతి వెనుక భాగముతో కొట్టవలెను. అది అవమానపరచు దెబ్బయని పండితులు వివరింతురు. అవమానమునకు ప్రతిగా అవమానము చేయవద్దు, పగ తీర్చుకొనవద్దు అనునది అక్కడి బోధ. చీకటి దారిలో ఒంటరి పిల్లమీద చేయి వేయువానికి ఆ పిల్ల లోబడవలెనని దాని అర్థము కాదు. ప్రధాన యాజకుని యెదుట బంట్రౌతు తన్ను కొట్టినప్పుడు ప్రభువు తిరిగి కొట్టలేదు. అయినను ఊరకుండక, కొట్టుటకు కారణమేమని నిలదీసెను (యోహాను 18:23). కొట్టకుండుట వేరు, అన్యాయమును న్యాయమని ఒప్పుకొనుట వేరు.

ఈ విద్యల గురువులును దానినే గ్రహించిరి. కరాటేను ఒకినావా ద్వీపమునుండి జపాను ప్రధాన భూభాగమునకు 1922లో తీసికొనిపోయిన ఫునకోషి గిచిన్ అను బడిపంతులు, ఈ విద్యలో మొదటి దెబ్బ మనది కాకూడదని తన శిష్యులకు నేర్పెను. ఇక మాస్టరునకు తలవంచి నమస్కరించుట విగ్రహారాధనయా అని కొందరు కలవరపడుచున్నారు. అబ్రాహాము హేతు కుమారుల యెదుట సాగిలపడెనని ఆదికాండము 23లో చదువుచున్నాము. అది మర్యాద, ఆరాధన కాదు. గురువునకు మర్యాద చేయుడి. ఆరాధన దేవునికే చేయుడి.

కాబట్టి నేర్వవచ్చును. ఇప్పుడు మన అసలు ప్రశ్నకు వత్తము.

తగవని చెప్పినది ఎవరు?

‘నాతోని కాదు’ అనునప్పుడు ఆ మాట లోపలనుండి వచ్చినట్లు తోచును. నిలిచి వినిన యెడల అందులో మూడు గొంతులు కలిసియుండును. ఒకటి శరీరపు గొంతు: కాలు వంగలేదు, ఊపిరి ఆడలేదు. రెండవది ఇరుగుపొరుగు గొంతు: ఆ పిల్ల ఎంత చక్కగా చేయుచున్నది, నీవు ఎట్లు చేయుచున్నావు! మూడవది భయపు గొంతు: నలుగురిలో పడిపోయిన యెడల ఏమగును? శరీరము చెప్పునది తరచుగా ‘ఇంకను కాలేదు’ అని మాత్రమే. దానిని ‘ఎన్నటికిని కాదు’ అని మార్చునవి మిగిలిన రెండు గొంతులు.

మన సంఘములకు ఈ సంగతి వేరొకరు చెప్పనక్కరలేదు. 1878 జూలై 3న ఒంగోలు సమీపమున గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో మిక్కిలిమంది అక్షరము రానివారు; అక్షరమునకు తగరని ఊరిచేత తరతరములుగా చెప్పబడినవారు. వారును ఆ మాటను నమ్మియుండిరి. తమ పిల్లలను బడికి పంపుమనినప్పుడు ‘మనకెందుకు’ అనినవారు వారిలో లేకపోలేదు. తెలుగు నేలయందు అటువంటి ఇండ్లనుండియే తరువాత ఉపాధ్యాయులు, నర్సులు, బోధకులు వచ్చిరి. వారి తలలు రాత్రికి రాత్రి మారినవా? లేదు. తలలు మొదటినుండియు తగినవే. తగవని చెప్పిన గొంతు మాత్రమే అబద్ధమైనది.

గనుక పిల్ల ‘నాకు తగదు’ అనినప్పుడు మనము అడుగవలసిన మొదటి ప్రశ్న, ‘ఈ మాట నీకెవరు చెప్పిరి?’ అనునది. ఒక్కొక్కప్పుడు జవాబు ఆశ్చర్యము కలిగించును. ఎవరును చెప్పలేదు, అమ్మమ్మ నడుము వంచి నడచుట చూచి, అమ్మ దొర యెదుట గొంతు తగ్గించుట చూచి, పిల్ల తనంతట తానే నేర్చుకొనెను. నిటారుగా నిలిచి, ఎదుటివాని కన్నులలోనికి చూచి, గట్టిగా కేక వేయుట కరాటేలో మొదటి పాఠము. చాలమంది పిల్లలకు కాలు లేపుటకంటె ఆ కేక వేయుటయే కష్టము. అది కండరముల లోపము కాదు.

తగనివారని తోచినవారి సాక్ష్యము

ఈ విద్యల చరిత్రను చూచిన యెడల ఒక వింత కనబడును. జూడో విద్యను స్థాపించిన కానో జిగోరో 1860లో పుట్టెను. బాల్యమున పొట్టివాడు, బలహీనుడు. బడిలో బలవంతులైన పిల్లలు అతనిని బాధించుచుండిరి. ఆ బాధచేతనే 1877లో గురువును వెదకికొని జుజుత్సు నేర్వ మొదలుపెట్టెను. 1882లో టోక్యోలోని ఒక బౌద్ధాలయమున, పండ్రెండు చాపలు పట్టు చిన్న గదిలో, కొద్దిమంది శిష్యులతో తన బడిని తెరచెను. ఆ విద్య 1964లో ఒలింపిక్ క్రీడలలో చేరెను. పైన చెప్పిన ఫునకోషియు 1868లో అర్భకుడుగా పుట్టి రోగిష్ఠియై పెరిగినవాడే. బలవంతులకు మార్గము చూపినవారు బలవంతులుగా పుట్టినవారు కారు.

ఇందుకు కారణము లేకపోలేదు. పుట్టుకతో బలము కలవాడు త్రోసివేయును, పని అయిపోవును. ఎట్లు అయినదో అతనికి తెలియదు. బలము లేనివాడు ఎదుటివాని పాదము ఎక్కడ నున్నది, బరువు ఎటు మొగ్గినది, ఏ క్షణమున లాగిన పడునో చూచి తెలిసికొనవలెను. ఆ విధముగా నేర్చినదానిని ఇతరులకు చెప్పగలడు. బడిలో కూడ లెక్కలు సుళువుగా వచ్చిన పిల్లవానికంటె, కష్టపడి నేర్చుకొన్న పిల్లవాడు తమ్మునికి బాగుగా చెప్పును గదా.

మన తెలంగాణలోనే నిజామాబాదు పట్టణపు నిఖత్ జరీన్‌ను చూడుడి. ఆమె చిన్నతనమున ముష్టియుద్ధము, అనగా బాక్సింగు, ఆడపిల్లలకు తగని ఆటయని అనేకులు తలంచిరి. ఆమె తండ్రి ఆ మాటకు తల ఊపలేదు. బిడ్డ వెంట నిలిచెను. 2011లో టర్కీలో జరిగిన బాలికల ప్రపంచ పోటీలలో ఆమె బంగారు పతకము పొందెను. 2017లో భుజమునకు గాయమై చాలకాలము పోటీలకు దూరమయ్యెను. తిరిగి వచ్చి 2022లో ఇస్తాంబులులోను, 2023లో ఢిల్లీలోను ప్రపంచ విజేతగా నిలిచెను. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో పతకము రాకుండనే వెనుదిరిగెను.

ఈ చివరి వాక్యమును మేము కావలెననియే వ్రాసితిమి. ఇటువంటి చరిత్రలు చెప్పునప్పుడు మనము ఒక పొరపాటున పడుదుము. ‘పట్టుదలతో ఉండుము, నీవును ప్రపంచ విజేతవగుదువు’ అని పిల్లలకు వాగ్దానము చేయుదుము. అది మనము చేయదగిన వాగ్దానము కాదు. తెల్ల బెల్టు కట్టిన పిల్లలలో మిక్కిలిమంది నల్ల బెల్టు వరకు పోరు. కొందరి కాలు ఎన్నటికిని తలవరకు లేవదు. గెలుపునే కారణముగా చూపిన యెడల, గెలుపు రాని దినమున పిల్లకు నిలుచుటకు కారణమే ఉండదు.

బలవంతుని బలము సహితము అప్పు తెచ్చుకొన్నదే. వీరఘట్టమున పుట్టి, విజయనగరమున సాము నేర్చి, కలియుగ భీముడని పేరుపొందిన కోడి రామమూర్తి నాయుడు గొలుసులు తెంపెను, రొమ్ముమీద ఏనుగును నిలుపుకొనెను. అటువంటి మహాబలుడు చివరి దినములలో కాలు పోగొట్టుకొని 1942లో కన్నుమూసెను. తగినవాని శరీరమును, తగనివాని శరీరమును మట్టిపాత్రలే. పాత్ర గట్టిదనియు, పలుచనిదనియు బట్టి మనిషి విలువ కట్టిన యెడల చివరకు ఎవరికిని విలువ మిగులదు.

దేవుడు ఇచ్చిన జవాబు

అట్లయిన దేనిని బట్టి నిలువవలెను? లేఖనములలో ‘నేను తగను’ అనినవారు అనేకులు. వారికి దేవుడు ఏమని జవాబిచ్చెనో జాగ్రత్తగా చూతము.

మోషే తాను మాట నేర్పరి కాననియు, నాలుక మాంద్యము కలవాడననియు మొరపెట్టెను (నిర్గమ 4:10). దేవుడు, ‘లేదు, నీవు చక్కగా మాటలాడుదువు’ అని అతనిని పొగడలేదు. నోటిని కలుగజేసినవాడు తానేయని జ్ఞాపకము చేసి, తోడుందునని చెప్పి, అహరోనును ప్రక్కన నిలిపెను. గిద్యోను తన కుటుంబము ఎన్నికలేనిదనియు, తాను ఇంటిలో కడపటివాడననియు చెప్పెను (న్యాయాధి 6:15). దేవుడు ఆ లెక్కను కాదనలేదు. తోడుందునని మాత్రమే చెప్పెను. బెన్యామీనీయుడైన ఏహూదు ఎడమచేతివాటము వాడు. ఆ ఎడమచేతితోనే దేవుడు ఇశ్రాయేలును విడిపించెను (న్యాయాధి 3). పౌలు భక్తుడు ఎదుట నిలిచినప్పుడు బలహీనుడని కొరింథువారు గుసగుసలాడిరి (2 కొరింథీ 10:10). శరీరములోని ముల్లును తీసివేయుమని ముమ్మారు వేడుకొనినను అది తీసివేయబడలేదు. కృప మాత్రము ఇయ్యబడెను.

ఈ సంగతి మన హృదయములలో నాటుకొనవలెను. ‘నాతోని కాదు’ అనువానికి దేవుడు ముఖస్తుతిని ఇయ్యలేదు, తోడును ఇచ్చెను. మనము పిల్లలకు దీనికి విరోధముగా చేయుచున్నాము. ‘నీవే అందరికంటె బాగుగా చేయుచున్నావు’ అని అబద్ధము చెప్పి పంపి, మనము ఇంటనే కూర్చుందుము. పిల్లకు తెలియును, తాను బాగుగా చేయుట లేదని. ఆమెకు కావలసినది పొగడ్త కాదు. సాయంకాలము బడి మైదానపు గట్టున అమ్మ వచ్చి కూర్చున్న చాలును.

ఇక దావీదును చూడుడి. సౌలు తన కవచమును, శిరస్త్రాణమును, కత్తిని ఆ బాలునికి తొడిగించెను. దావీదు వాటితో నడువజూచి, అలవాటు లేదని విడిచివేసెను. అతడు యుద్ధమునకు తగనివాడా? కాడు, సౌలు కవచమునకు తగనివాడు. ఆ రెంటికిని భేదము కలదు. అతడు ఏటిలోని అయిదు నున్నని రాళ్లను ఏరుకొని, వడిసెల చేతపట్టుకొని పోయెను. మన జొన్నచేల మంచెలమీద కూర్చుండి పిట్టలను తోలినవారికి వడిసెల యననేమో చెప్పనక్కరలేదు. 1946 మొదలు 1951 వరకు ఈ ప్రాంతమున జరిగిన సాయుధ పోరాటములో, తుపాకి ఎరుగని పల్లెజనులు ఈ వడిసెలలనే, ఈ కర్రలనే పట్టిరి. ఆ పోరాటపు రాజకీయమును మేము ఇక్కడ తూచుట లేదు. తరతరములుగా వంగియుండుటకే తగినవారని యెంచబడినవారు, తమ చేతికి అలవాటైన వస్తువుతో నిలువబడిరని మాత్రము చెప్పుచున్నాము.

కాబట్టి కాలు తలవరకు లేవని పిల్ల మోకాలితోను మోచేతితోను చేయు పాఠములను బాగుగా సాధన చేయవచ్చును. బొద్దుగా నున్న పిల్ల కుదురుగా నిలుచుట సుళువుగా నేర్చును. వరినాట్లలో దినమంతయు వంగి పనిచేయు తల్లుల బిడ్డలకు తొడలలోను నడుములోను ఓర్పు ఉండును. పట్నపు పిల్లలు దానికి నెలలు పట్టి సాధన చేయుదురు. అయితే ఒకటి మరువకూడదు. దావీదు వడిసెలయు ఒక్క దినమున వచ్చినది కాదు. ఎవరును చూడని మేతబీళ్లలో, సింహమును ఎలుగుబంటిని ఎదుర్కొన్న ఏకాంతములో అది సాధన చేయబడినది.

ఒక్క తలాంతు కలవాడు

తలాంతుల ఉపమానములో ఒక్క తలాంతు పొందినవాడు మన ప్రశ్నకు మిక్కిలి దగ్గరివాడు. అయిదు పొందినవాని ప్రక్కన నిలిచినవాడు ఏమి తలంచియుండును? ‘నాకు ఇచ్చినది ఒక్కటే, దీనితో నేనేమి చేయుదును’ అని తలంచియుండవచ్చును. కాని లెక్క చెప్పవలసిన దినమున అతడు తనకు తక్కువ ఇయ్యబడెనని చెప్పలేదు. భయపడితిని, భూమిలో దాచితిని అనెను. అతని నేరము తలాంతు తక్కువగుట కాదు. యజమానుడు ఎవని సామర్థ్యము చొప్పున వానికే ఇచ్చెను. ఒక్కటే ఇచ్చినవాడు ఒక్కటికి మించి అడుగడు.

ఇంకొక సంగతిని గమనింపుడి. అయిదింటికి అయిదు సంపాదించినవానికిని, రెంటికి రెండు సంపాదించినవానికిని యజమానుడు ఇచ్చిన మెప్పు ఒక్కటే. ఒక్క మాటయు ఎక్కువ తక్కువ లేదు. ఆయన మెచ్చుకొన్నది మొత్తమును కాదు, నమ్మకమును. తలవరకు కాలు లేపిన పిల్లకును, నడుము వరకు లేపుటకు ఆరునెలలు పట్టిన పిల్లకును ఆయన యొద్ద ఒక్కటే మాట కలదు. సాధనను నిలుపు బలము ఇక్కడ దొరకునుగాని పతకములలో దొరకదు.

పౌలు కొరింథువారికి పరుగును, ముష్టియుద్ధమును సాదృశ్యముగా వ్రాసెను (1 కొరింథీ 9:24–27). కొరింథునకు సమీపముననే రెండేండ్లకొకసారి గొప్ప క్రీడలు జరుగుచుండెను. గెలిచినవానికి ఆకుల కిరీటము పెట్టుచుండిరి. అది కొద్ది దినములలో వాడిపోవును. పౌలు ఆ ఆటగాండ్రను హేళన చేయలేదు. వాడిపోవు దానికొరకే వారు అంత మితముగా నుండిన, వాడిపోని దానికొరకు మనము ఎట్లుండవలెనని అడిగెను. శరీర సాధకము కొంతమట్టుకే ప్రయోజనకరమని తిమోతికి వ్రాసినప్పుడును ఆ ‘కొంత’ను కొట్టివేయలేదు. ఆ కొంతలో ఒక భాగము ఇది: తనకు సుళువు కాని పనిని దినదినము చేయుటకు అలవాటుపడినవాడు, ప్రార్థన పొడిగానున్న దినమునను మోకరించుట ఎరుగును.

ఆసక్తి వచ్చిన తరువాత పోదునని కూర్చుండినవానికి ఆసక్తి రాదు. కాళ్లు ముందు పోవలెను. మనస్సు వెనుక వచ్చును. సాగరు ఎడమ కాలువ క్రింద సేద్యము చేయు మనకు దీనిని నారు నేర్పును. నారుమడిలో పచ్చగా కళకళలాడిన నారును పీకి పొలములో నాటిన మొదటి దినములలో అది పసుపు తిరిగి, తలవాల్చి, ఈ నేలకు తగనిదానివలె కనబడును. తెలిసిన రైతు దానిని పీకివేయడు. నీరు నిలిపి కనిపెట్టుకొని యుండును. వేరు పట్టిన తరువాత మూన తిరుగును. మూడవ వారపు పిల్ల నాటిన మొదటి వారపు నారువంటిది.

ఆ కాలువ కథయు అట్టిదే. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న పునాదిరాయి వేయబడెను. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడువబడెను. నడుమ పండ్రెండేండ్లు స్త్రీలును పురుషులును తలలమీద రాళ్లు మోసిరి. ఒక్కొక్కరు తట్ట మోసిన దినమున, ‘నా రాయి చేత ఏమగును’ అని తలంచిన యెడల ఆ ఆనకట్ట లేచియుండదు. మెట్టగా నుండిన ఈ నేలలో వరి పండియుండదు.

విడుచుట ఎప్పుడు న్యాయము?

పట్టుదలయే సమస్తము అని మేము చెప్పము. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పెను (లూకా 14:28). కష్టము వేరు, హాని వేరు. ఒళ్లు నొప్పి, సిగ్గు, విసుగు కష్టములు. అవి సాధనలో భాగము. గుండె జబ్బు, మూర్ఛ, మానని కీలు గాయము ఉన్నప్పుడు వైద్యుని అడుగక కొనసాగించుట భక్తి కాదు. అది దేవుడిచ్చిన శరీరమును తృణీకరించుట. నేర్పువాడు పిల్లను హీనపరచినను, తాకరాని విధముగా తాకినను, ఆ దినముననే విడిచి వచ్చి పెద్దలకు చెప్పవలెను. అక్కడ విడుచుట ఓటమి కాదు. నేర్చిన విద్యకు అదియే మొదటి ఫలము. ఆ మాట చెప్పిన పిల్లను నమ్ముట సంఘము యొక్క పని.

మరియు పిల్ల మనస్సు నిజముగా వేరొకదానిమీద నున్న యెడల, కుట్టుపనియో, పాటయో, పరుగో, దానికి పోనియ్యుడి. అయితే ఒక నియమము: భయముతో నిండిన దినమున నిర్ణయము చేయవద్దు. ఒప్పుకొన్న మూడు నెలలు ముగించి, నిమ్మళముగా నున్న దినమున ఆలోచింపుడి. పారిపోవుట వేరు, మళ్లుకొనుట వేరు. పారిపోయినవానిని ఆ నవ్వు ప్రతిచోటికి వెంబడించును.

చేయదగినవి

బిడ్డలారా, ఇతరుల కాలు ఎంత లేచెనో చూడవద్దు. పోయిన నెల మీ కాలు ఎంత లేచెనో చూచుకొనుడి. దానియేలు దినమునకు ముమ్మారు తన వేళకు మోకరించినట్లు, మీరును ఒక వేళ పెట్టుకొని పది నిమిషములైనను సాధన చేయుడి. ఒంటరిగా కాక ఒక స్నేహితురాలితో చేయుడి. ఒకరు పడిన యెడల మరియొకరు లేవనెత్తుదురని ప్రసంగి గ్రంథము నేర్పుచున్నది. నేర్చిన ఒక్క పాఠమునైనను చెల్లెలికి నేర్పుడి. నేర్పునప్పుడు మీకు తెలిసినది మీకే తెలియును.

తల్లిదండ్రులారా, ‘మనకెందుకు’ అను మాటను మీ ఇంటినుండి వెళ్లగొట్టుడి. మీ బిడ్డ రేపు మిర్యాలగూడ కాలేజీకి బస్సెక్కి పోవును. ప్రొద్దుగుంకిన తరువాత దిగి కాలువ గట్టున నడచి వచ్చును. ఆ దారిలో ఆమెకు కావలసినది పతకము కాదు. నిటారుగా నడచుట, గట్టిగా కేక వేయుట, చేయి విడిపించుకొని పరుగెత్తుట. అవి నేర్చుటకు ఎవరును తగనివారు కారు. మగబిడ్డల తల్లిదండ్రులకు మరియొక మాట: ఆ దారిని భయంకరము కాకుండ చేయుట మీ కుమారులకు నేర్పవలసిన విద్య.

సంఘపు పెద్దలారా, పిల్లలు తప్పుగా చేసినప్పుడు నవ్వువారిలో మనము ఉండకుందము గాక. నలుగుతున్న రెల్లును విరువని ప్రభువు మనకు మాదిరి.

‘నాతోని కాదు’ అను మాట సగము సత్యమే. మన ఒక్కరితో కానివి చాల ఉన్నవి. అందుచేతనే దేవుడు మోషేకు అహరోనును, గిద్యోనుకు తన తోడును, పౌలునకు తన కృపను ఇచ్చెను. ఈ వారము మీ ఇంటిలో ఆ మాట వినబడిన యెడల, కాదనకుడి, కోపపడకుడి. “నీ ఒక్కదానితోని కాదు బిడ్డా, పద, నేను వస్త” అని చెప్పి, చెప్పులు తొడుగుకొని వెంట పొండి.

బలహీనులను ఎన్నుకొనుటకు సిగ్గుపడని మన ప్రభువైన యేసుక్రీస్తు కృప మీ అందరికిని, విశేషముగా మన బిడ్డలకును తోడైయుండును గాక. ఆమేన్.